వెళ్లింది అంచున, తిరిగొచ్చింది గట్టున

నాట్లు వేసిన చేల మధ్య గట్టు మీద నడిచేటప్పుడు కాళ్ల వంక చూసుకోకూడదని మా నాన్న చెప్పేవాడు. చూపు నాలుగు మడుల అవతల ఉండాలి, కాలు తన పని తాను చూసుకుంటుంది అనేవాడు. మొన్న మే నెలలో ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, ఒక రాతి గోడ పక్కన దారి తెలియక నిలబడిపోయినప్పుడు ఆ మాటే నన్ను గట్టెక్కించింది.

మా అమ్మాయి బ్రిస్టల్‌లో ఉద్యోగం చేస్తోంది. రెండు రోజులు సెలవు పెట్టి నన్ను సెంట్ ఐవ్స్ తీసుకెళ్లింది. ఒకప్పుడు చేపల రేవు, తర్వాత చిత్రకారులు స్థిరపడిన ఊరు. అక్కడినుంచి జెన్నర్ అనే పల్లె దాకా సముద్రం పక్కన కొండ అంచు పట్టుకుని వెళ్లి, పొలాల్లోంచి తిరిగి రావాలి. మొత్తం మీద 20 కిలోమీటర్లు. అక్కడివాళ్లు సర్క్యులర్ వాక్ అంటారు. మనకు దగ్గరి మాట ప్రదక్షిణే. సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా 32 కిలోమీటర్లు కొండను చుట్టి, మధ్యలో అప్పూఘర్ దగ్గర సముద్రాన్ని పలకరించి వస్తుంది. చుట్టి రావడంలో ఒక సుఖం ఉంది. తొక్కిన దారినే మళ్లీ తొక్కక్కర్లేదు, చివరి బస్సు వెళ్లిపోతుందేమోనని గడియారం చూసుకోనక్కర్లేదు.

ఎటునుంచి చుట్టాలన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.

"ముందు పొలాల్లోంచి వెళ్దాం నాన్నా, మీకు తేలికగా ఉంటుంది" అంది అమ్మాయి.

"వద్దమ్మా. కాళ్లలో సత్తువ ఉండగానే కొండలు అయిపోవాలి" అన్నాను.

ఆ నిర్ణయం మంచిదైంది. ఊరు దాటిన అరగంటకే దారి రాళ్లపాలైంది. ఒక లోయలోకి దిగుతాం, వాగు దాటుతాం, ఎదురు కొండ ఎక్కుతాం, ఎక్కగానే ఇంకో లోయ కనిపిస్తుంది. బురద ఉన్నచోట రాతి పలకలు పరిచారు, లేనిచోట బండల మీద చేతులు కూడా ఆనించి పాకాలి. ఎడమవైపు చెట్టన్నది లేని మెట్ట, కుడివైపు నిలువునా దిగిపోయిన నల్లరాయి, కింద తెల్లగా విరిగే కెరటం. గోర్స్ అనే ముళ్లపొద పసుపుపచ్చగా విరగబూసి ఉంది. ఆ పువ్వు వాసన అచ్చం పచ్చికొబ్బరి వాసన. అంత చలిగాలిలో, అంత పరాయి సముద్రం పక్కన కొబ్బరి వాసన తగిలేసరికి నా అడుగు ఆగిపోయింది. కారక్స్ అనే రాతి తిప్పల దగ్గర నీటికుక్కల్లాంటి సీల్‌లు ఎండకు పడుకుని ఉన్నాయి. వాటిని చూస్తూ పులిహోర పొట్లం విప్పాం.

ఈ దారి ఇన్ని వంకరలు ఎందుకు తిరుగుతుందో తెలిశాక కాళ్లనొప్పి మీద కోపం పోయింది. 19వ శతాబ్దంలో తీరరక్షక సిబ్బంది దొంగసరుకు దించే పడవల కోసం కాపలా తిరిగిన బాట ఇది. ప్రతి గుంటరేవులోకీ తొంగి చూడాలి కాబట్టి ఏ మలుపునూ వదలకుండా అంచునే పోయింది. చేరడం కోసం కాక చూడడం కోసం పడిన దారి. ఇప్పుడది మైన్‌హెడ్ నుంచి పూల్ దాకా 1,014 కిలోమీటర్ల జాతీయ కాలిబాటలో భాగం. ఓక్ కాయ బొమ్మ దాని గుర్తు.

జెన్నర్‌లో పట్టుమని నాలుగు వీధులు లేవు. చర్చిలో ఒక పాత చెక్క ఆసనం మీద మత్స్యకన్యను చెక్కారు. పాట బాగా పాడే కుర్రాడిని వెంటబెట్టుకుని సముద్రంలోకి వెళ్లిపోయిందట. కాసేపు ఆ బల్ల పక్కన కూర్చుని లేచాం.

అసలు నడక నాకు అక్కడే మొదలైంది.

తిరుగుదారి చిన్న చిన్న పొలాల గుండా సాగుతుంది. పొలానికీ పొలానికీ మధ్య రాతిగోడ. కొన్ని గోడల అడుగున ఏనుగంత బండలున్నాయి. వాటిని కదపలేక గోడే వాటిని కలుపుకుని వంకర తిరిగింది. ఈ పొలాల హద్దుల్లో చాలావరకు కంచుయుగం నాటివని పురావస్తు పరిశోధకులు చెబుతారు. ఆ మళ్లలో ఇవాళ కూడా ఆవులు మేస్తున్నాయి. దారిలో తగిలే రైతువాడల పేర్లు ట్రెగర్దెన్, ట్రెవెస్సా, ట్రెవేగా. కార్నిష్ భాషలో ‘ట్రె’ అంటే ఇల్లూ పొలమూ కలిసిన నివాసం. మన పాలెం, మన పాడు. ట్రెగర్దెన్‌లోనే రచయిత డి.హెచ్. లారెన్స్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాపురమున్నాడు. పొరుగు రైతులతో కలిసి గడ్డికోతకు వెళ్లేవాడు. భార్య జర్మనీ మనిషి కావడంతో గూఢచారులన్న అనుమానం మీద 1917లో ఇద్దరినీ అక్కడినుంచి వెళ్లగొట్టారు.

గోడ దాటడానికి గేట్లు లేవు. మనిషి పట్టేటంత సందు వదిలి, కింద గుంట తవ్వి, దాని మీద అడుగు ఎడంగా రాతి కమ్మీలు పరిచారు. మనిషి దాటగలడు, పశువు గిట్ట జారుతుందని ఆగిపోతుంది. ఒక మళ్లోకి దిగాక అవతలి గోడలో సందు ఎక్కడుందో కనిపించలేదు. గోడ వెంబడే వెళ్లి ముళ్లలో చిక్కుకుని వెనక్కొచ్చాం. అమ్మాయి ఫోన్‌లో సిగ్నల్ లేదు. అప్పుడు నాన్న మాట గుర్తొచ్చి, కాళ్ల దగ్గర వెతకడం మాని దూరంగా చూశాను. రెండు మళ్ల అవతల ఒక సందు, దానికి సూటిగా ఇవతల ఇంకొకటి, గడ్డి మీద సన్నటి చాలులా అరిగిన గీత. ఆ తర్వాత ప్రతి సందులోనూ ఒక్క క్షణం నిలబడి, అవతలి సందును కళ్లతో పట్టుకున్నాకే మళ్లోకి దిగాం. మళ్లీ దారి తప్పలేదు.

ఆ దారికి అక్కడ ఇంకో పేరుంది, శవపేటికల దారి. రైతువాడల్లో చనిపోయినవాళ్లను చర్చికి మోసుకెళ్లిన దారి అది. ఆ పేరు విన్నాక మా ఊరు నా కళ్ల ముందు నిలబడింది.

మా ఊళ్లో చెరువుగట్టు నుంచి కాలవకట్ట దాకా ఒక డొంక ఉండేది. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. రెండు బళ్లు ఎదురైతే తప్పుకునేటంత వెడల్పు. శ్మశానానికి అదే దారి. ఇటువైపు చేను ఏడాదికో చాలు, అటువైపు చేను ఏడాదికో చాలు లోపలికి జరిగాయి. ఎవరూ ఒక్కరోజులో ఆక్రమించలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఒక శ్రావణమాసంలో, ఆ డొంక అవతలి పేట మనిషిని పాడె మీద మోస్తున్నవాళ్లు మొలలోతు వరిచేలోకి దిగడం నేను చూశాను. ముందు పట్టినవాడు జారితే పాడె ఒరిగింది. వెనకాల నడిచే ఆడవాళ్లు గట్టు మీదే ఆగిపోయారు. నాకప్పుడు ఉద్యోగం, చదువు, నోరు అన్నీ ఉన్నాయి. ఏమీ చేయలేదు.

ఇంగ్లండులో పొలాల మధ్య దారులు ఊరికే మిగల్లేదు. 1949లో చేసిన చట్టం కౌంటీలను తమ పరిధిలోని కాలిదారులన్నీ సర్వే చేసి పటానికెక్కించమంది. పటానికెక్కిన దారి ఎవరి పొలంలోంచి పోయినా జనం దారి. పొలం మధ్యనుంచి పోయే దారిని రైతు దున్నుకోవచ్చు, కానీ 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్లీ నడవడానికి వీలుగా చేసిపెట్టాలి. గట్టు వెంబడి పోయే దారినైతే అసలు దున్నకూడదు. పటంలో లేని దారినైనా జనం 20 ఏళ్లపాటు అనుమతి అడగకుండా, అడ్డు లేకుండా నడిచి ఉంటే, అది వాళ్ల దారేనని 1980 నాటి రహదారుల చట్టం భావిస్తుంది. కాళ్లే అక్కడ సాక్ష్యం.

మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనూ 20 ఏళ్ల లెక్కే ఉంది. తన పొలానికి పక్కవాడి చేలోంచి అన్నేళ్లు బాహాటంగా, హక్కుగా, ఆటంకం లేకుండా నడిచినవాడికి ఆ దారి మీద హక్కు ఏర్పడుతుంది. డొంకలకైతే అంత దూరం కూడా పోనక్కర్లేదు. అవి పోరంబోకు భూములు. గ్రామపటంలో గీసే ఉంటాయి. మా ఊరి డొంక పటంలో ఇవాళ్టికీ బండ్లదారే. నేల మీద మాత్రం గొడుగు విప్పి నడిచే చోటు లేదు.

పొద్దు వాలుతుండగా సెంట్ ఐవ్స్ చేరాం. ఊళ్లోకి దిగేముందు చివరి గోడ సందులో ఒక ముసలాయన ఎదురై, మేం దాటేదాకా పక్కకు ఒదిగి నిలబడ్డాడు. చేతిలో చిన్న కొడవలి ఉంది. దారి మీదికి వాలిన ముళ్లకొమ్మలు నరుక్కుంటూ వస్తున్నాడు. ఇది మీ పొలమా అని అడిగాను. కాదు, రోజూ నడుస్తాను కదా అన్నాడు.

ఊరు తిరిగొచ్చిన వారానికి గ్రామపటం నకలు తీయించాను. డొంక రెండు చివరలూ, సర్వే నంబర్లూ రాసుకున్నాను. వచ్చే ఆదివారం పొద్దున్నే చెరువుగట్టు దగ్గర బయల్దేరి, కాలవకట్ట దాకా డొంకలో వెళ్లి, కట్ట మీదుగా చుట్టి రావాలని నలుగురం అనుకున్నాం. మీ ఊళ్లోనూ ఒక డొంకో పుంతో ఉంటుంది. అది ఎక్కడినుంచి ఎక్కడికో పెద్దవాళ్లనడగండి, పటంలో చూడండి, ఈ చివరినుంచి ఆ చివరికి నడవండి. మూసుకుపోయిన చోట నిలబడి సర్వే నంబరు రాసుకుని, ఆ కాగితం ఆంధ్రలో అయితే గ్రామ సర్వేయరుకు, తెలంగాణలో అయితే తహసీల్దారుకు ఇచ్చి రండి. మళ్లీ వారం మళ్లీ నడవండి.