పెళ్లి ఫొటో వెనకున్న ఊరు

చౌటుప్పల్ చుట్టుపక్కల ఎవరింట్లో పాత ఆల్బమ్ చేతికిచ్చినా నేను పెళ్లికొడుకును చూడను, అతని భుజం వెనకున్న గోడను చూస్తాను. ఇచ్చినవాళ్లకు ఇది కొంచెం మర్యాద తప్పినట్టే ఉంటుంది. కానీ ఒకప్పుడు ఊరెలా ఉండేదో వెతకాలంటే నాకు వేరే దారి లేదు.

స్కాట్లాండ్‌లో అయితే ఈ తిప్పలు తక్కువ. అబెర్డీన్‌లో జార్జ్ వాషింగ్టన్ విల్సన్, డండీలో వాలెంటైన్ కుటుంబం పంతొమ్మిదో శతాబ్దంలోనే పల్లెలు, వంతెనలు, కోటలు ఫొటోలు తీసి యాత్రికులకు అమ్ముకున్నారు. విల్సన్ కంపెనీ గాజు పలకలు 37,000కు పైగా ఇప్పటికీ అబెర్డీన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. దర్బారులు, వేటలు, కట్టడాలు ఆయన పని. తర్వాత సునీల్ జానా తెలంగాణ సాయుధ పోరాటాన్ని తీశాడు. 1951 ఏప్రిల్ 18న మన పక్కనే పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే, వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నాడు. ఆ భూదానంతో ఆ ఊరికీ కెమెరాలొచ్చాయి. ఏమీ జరగని ఊళ్లకు ఎవరొస్తారు?

స్టూడియోకు పోయి దిగిన ఫొటోల్లో ఊరు దొరకదు, వెనక తెర మీద రంగుల తోటే ఉంటుంది. ఇంటి ముందు పందిట్లో తీసినవే నాకు పనికొచ్చేవి.

గోడ దొరికితే సగం పని అయినట్టే. దాని మీద కాడెద్దుల ఎన్నికల గుర్తు కనిపిస్తే అది 1969లో కాంగ్రెస్ చీలకముందు గీసింది. ఆవు-దూడ 1971 ఎన్నికలతో వచ్చింది. చెయ్యి గుర్తు 1978లో, తెలుగుదేశం సైకిల్ 1983లో. అయితే తొందరపడకూడదు. గోడమీది గుర్తు ఆ ఫొటో ఎప్పటికంటే ముందుది కాదో మాత్రమే చెబుతుంది. సున్నం వెయ్యని గోడ మీద ఓడిపోయిన పార్టీ కూడా పదేళ్లు బతుకుతుంది. అందుకే కరెంటు స్తంభం, రేకుల కప్పు, మూలకున్న సినిమా పోస్టరు, అన్నీ కలిపి చూడాలి. అప్పుడు కూడా సంవత్సరం తేలదు, ఓ నాలుగైదేళ్ల మధ్యన ఆగుతుంది. నాకది చాలు.

మిగతా సగం ముసలివాళ్ల నోట ఉంటుంది. "పెద్దమ్మా, ఈ చెట్టెక్కడ?" అంటే, "గది మా ముంగటి యాపచెట్టు బిడ్డా. రోడ్డుల పోయింది" అన్నది ఒకామె. రోడ్డంటే హైదరాబాద్–విజయవాడ హైవేనే. నాలుగు వరుసలైనప్పుడు దాని పక్కనున్నవన్నీ వెనక్కి జరిగాయి, జరగలేనివి పోయాయి. ఇప్పుడు అదే హైవే మీద సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారును డ్రోన్లతో తీసి టీవీల్లో చూపిస్తారు. కానీ ఆ చెట్టు కింద ఎడ్లబండ్లు ఆగేవని చెప్పడానికి ఆమె పెళ్లి ఫొటో తప్ప వేరే ఆధారం లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది చెదలు కాదు, దశదినకర్మ. ఇంట్లో పెద్దాయన పోగానే ఉన్న ఒక్క గ్రూపు ఫొటోను స్టూడియోకు పట్టుకుపోతారు. అక్కడి కుర్రాడు ముఖం ఒక్కటే కత్తిరించి, వెనక నీలిరంగు పోసి, పెద్దది చేసి ఫ్రేము కట్టిస్తాడు. గోడ, చెట్టు, పక్కన నిలబడ్డ చాకలామె, అందరూ కంప్యూటర్‌లో చెత్తబుట్టకు పోతారు. ఫ్రేము కట్టించుకోవద్దని నేనెవరికీ చెప్పలేను. చౌటుప్పల్ స్టూడియోల వాళ్లను అడిగేది ఒక్కటే: కత్తిరించేముందు మొత్తం ఫొటోను ఓసారి స్కాన్ చేసి, ఆ ఇంటివాళ్ల ఫోనుకు కూడా పంపండి. వెనకవైపు పేర్లు రాసేవాళ్లు పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను రాత ఇవతలికి పొంగి కనబడుతుంది.