సైనికుడి కాగితాల్లో ఆమె పేరు

భూమి లేని ఇంటికి దస్తావేజులుండవు. చదువు లేని ఇంట్లో డైరీలుండవు. కానీ ఆ ఇంటినుంచి ఒక మగవాడు పటాలంలో చేరితే అతని ఎత్తు, ఛాతీ కొలత, ఒంటిమీది పుట్టుమచ్చ, ఊరు, కులం అన్నీ ఎవరో గుమాస్తా రాసిపెడతాడు. అందుకే కుటుంబ చరిత్ర రాయాలనుకునే వాళ్ళందరూ ముందు సైనిక రికార్డుల కోసం వెతుకుతారు. ఆ కాగితాల్ని వట్టి సమాచారంగా కాక ఒక రచనగా చదవాలని నా వాదన. ఎవరు రాశారు? ఎవరి అవసరం కోసం రాశారు? అందులో స్త్రీ ఏ గడిలోకి వచ్చింది, ఎందుకొచ్చింది?

మా అమ్మమ్మ తండ్రి రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక పింఛను లేకుండా ఇంటికొచ్చాడు. ఆయన వివరాల కోసం రాస్తే ఎదురైన మొదటి ప్రశ్న, ఆయన మీకేమవుతారని. నేను ఆయన కూతురి కూతురికి కూతుర్ని. ఆయనకీ నాకూ మధ్య ఇంటిపేరు రెండుసార్లు మారింది. కొడుకుల వరసలో వచ్చిన మునిమనవడికైతే ఇంటిపేరే సగం రుజువు. నేను మాత్రం రెండు పెళ్ళిళ్ళకి సాక్ష్యం చూపించాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళలో పెళ్ళిని రిజిస్టరు చేయించినవాళ్ళెవరు? పితృస్వామ్యం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, అది ఒక దరఖాస్తు ఫారంలో ఒక గడిగా కూర్చుని ఉండటం చూడటం వేరు.

నిజానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ ప్రశ్నకి తావివ్వదు. 6(2) సెక్షను ప్రకారం ఎందుకడుగుతున్నామో చెప్పనక్కర్లేదు. 8(3) ప్రకారం ఇరవయ్యేళ్ళు దాటిన విషయాల మీద సమాచారాన్ని, దేశభద్రత వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అడిగినవాళ్ళకి ఇవ్వాలి. బంధుత్వం నిరూపించుకోలేని ఆడపిల్లల సంతానానికి ఈ సెక్షన్లు ఎంత ముఖ్యమో మనం ఆలోచించలేదు.

అయితే అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. మన సైన్యం నిబంధనల ప్రకారం పింఛను వచ్చే సైనికుడి కాగితాలు 50 ఏళ్ళు ఉంచుతారు. పింఛను లేనివాడివి 25 ఏళ్ళు. తర్వాత తగలబెడతారు. మిగిలేది 'లాంగ్ రోల్' అనే పెద్ద పట్టీలో నంబరూ, పేరూ, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ వంటి నాలుగు ముక్కలు. నాకొచ్చిన జవాబూ అదే. అంటే ప్రభుత్వానికి ఎంతకాలం డబ్బివ్వాల్సిన బాధ్యత ఉంటుందో దాన్నిబట్టే జ్ఞాపకం కూడా. భార్య పేరు ఆ కాగితాల్లోకి ఎక్కేది ఎందుకు? అతను పోతే పింఛను ఎవరికివ్వాలో తెలియాలి కాబట్టి. ఆమె అక్కడ మనిషి కాదు, చెల్లింపు చిరునామా. చెల్లింపు లేకపోతే ఆమె పేరూ లేదు. యుద్ధం కోసం పెద్దఎత్తున చేర్చుకుని, అది కాగానే ఇంటికి పంపేసిన వాళ్ళ భార్యలు ఈ లెక్కనే మాయమయ్యారు.

చనిపోయినవాళ్ళ సంగతి వేరు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాని ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. బర్మాలో తౌక్యాన్ శ్మశానంలోని రంగూన్ స్మారకం మీద సుమారు 27 వేల పేర్లున్నాయి. రెండో యుద్ధంలో చనిపోయిన భారతీయుల నమోదుల్లో చాలావాటి పక్కన ఒక చిన్న వాక్యముంటుంది: ఫలానా వాళ్ళ కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు. ఓటరు జాబితా నుంచి రేషను కార్డు దాకా మనం ఎప్పుడూ చూసేది 'ఫలానా వాడి భార్య' అనే. ఇక్కడ మొగుడే భార్య పేరుతో గుర్తింపు పొందుతున్నాడు. ఆ జాబితాలో అమ్మలూ అమ్మాయిలూ ఇంగ్లీషు స్పెల్లింగుల్లో వంకరటింకరగా కనిపిస్తారు. ఊరి పేరు నోటితో పలికి చూస్తే తప్ప తెలియదు. కానీ ఉన్నారు. ఆమె ఈ పేరు పొందటానికి అతను చావాల్సి వచ్చిందన్నది మాత్రం మర్చిపోకూడదు.

మొదటి యుద్ధంలో ఆ పాటి గౌరవం కూడా లేదు. 1929లో కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయీలకి రెజిమెంటు కింద సంఖ్య మాత్రం వేశారు. ఆ యుద్ధంలో కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, ముఖ్యంగా ఆఫ్రికా, పశ్చిమాసియాలకి చెందినవాళ్ళు, పేరుతో స్మరణకి నోచుకోలేదని కమిషన్ తనే 2021 నివేదికలో ఒప్పుకుంది. కొడుకు పేరే లేనిచోట తల్లి పేరు ఎక్కడుంటుంది?

ఇక్కడే సరోజినీ నాయుడి 'ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా' గుర్తొస్తుంది. 1915లో హైదరాబాదు స్త్రీల యుద్ధ సహాయ సంఘం నివేదికతో ముడిపడిన కవిత అది. అందులో దేశమే తల్లి. కొడుకుల్ని ఇచ్చింది ఆమే, లెక్క అడిగేదీ ఆమే. సామ్రాజ్యాన్ని నిలదీయటంలో అది బలమైన కవితే. కానీ దేశం తల్లి అయ్యాక, నిజంగా కొడుకుని పంపిన తల్లికి మాట్లాడే చోటు పోయింది. కవితలో గొంతు ఉంది, పేరు లేదు. రిజిస్టర్లో పేరు ఉంది, గొంతు లేదు. మన సాహిత్య విమర్శ చాలాకాలం మొదటిదాన్నే సాహిత్యమనుకుంది, రెండోదాన్ని చూడనేలేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పని ఇదే. తెలంగాణ పోరాటంలోని స్త్రీల దగ్గరికెళ్ళి, వాళ్ళనే అడిగింది. సైనికుల ఇళ్ళలో ఆ పని ఇంకా మిగిలే ఉంది. అతను లేని ఏళ్ళలో పొలం ఎవరు చూశారు, మనియార్డరు డబ్బు ఎవరి చేతికొచ్చింది, ఉత్తరం ఎవరు చదివిపెట్టారు, చదివేవాడు ఏం దాచాడు, ఏ రికార్డూ చెప్పదు.

కాబట్టి దరఖాస్తు పెట్టండి. రెజిమెంటు రికార్డు ఆఫీసుకి పెట్టండి, నంబరు తెలిస్తే నంబరుతో, తెలియకపోతే పేరూ ఊరూ రాసి. బంధుత్వం అడిగితే 'కూతురి వైపు' అని స్పష్టంగా రాయండి, కాగితమైనా మన వరసని ఒకసారి మోయనివ్వండి. జవాబు వచ్చేలోగా ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఆమెకి ఏ నిబంధనా 25 ఏళ్ళ గడువు పెట్టలేదు గానీ, గడువు ఉందని మనకి తెలుసు.