గాలి తీసే నేర్పు

బ్రేకు ఆయిల్ మార్చి గాలి తీయడాన్ని ఎవరూ పెద్ద పనిగా లెక్కపెట్టరు. ఇంజిను విప్పే మెకానిక్‌కు వచ్చే పేరు బ్రేకు గాలి తీసేవాడికి రాదు. నా లెక్కలో మాత్రం చేతి నేర్పు తెలిసేది ఇక్కడే.

బురదలో, వాగుల్లో తిరిగే ఏటీవీ బండినే తీసుకోండి. దాని బ్రేకుల్లో పోసే డాట్ 4 ఆయిల్ తేమను మెల్లగా పీల్చుకుంటుంది. కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ బాగా పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. దిగుడులో బ్రేకు పట్టీపట్టీ వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కినా కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు.

ఆ పాత ఆయిల్ మార్చేటప్పుడు మంచి మెకానిక్ ముందు బండి రంగు మీద తడిగుడ్డ పరుస్తాడు. ఈ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. క్యాలిపర్ మీది గాలి తీసే నిపుల్‌కు సన్నని పారదర్శక గొట్టం తొడుగుతాడు. "నొక్కి పట్టరా" అంటాడు లివరు దగ్గరి కుర్రాడితో. నిపుల్ పావు తిప్పు తెరవగానే బుడగలతో నల్లటి ఆయిల్ దూకుతుంది. బిగించాకే "ఇక వదులు" అంటాడు. ఈ వరుస తప్పిందా, బయటి గాలి మళ్లీ లోపలికే. పైన ఆయిల్ డబ్బా అడుగంటకుండా కొత్తది పోస్తూ ఉండాలి కూడా. తొందరగాళ్లు దొరికిపోయేది ఇక్కడే. గొట్టంలో రంగు తేటపడినా అతను నమ్మేది లివరునే. వేళ్లకు గట్టిగా తగిలేదాకా మళ్లీ "నొక్కి పట్టరా".