ఇద్దరు డాక్టర్లు, పన్నెండు మంది జ్యూరర్లు

మనిషి ఎలా చనిపోయాడో ఇద్దరు పేరున్న డాక్టర్లు రెండు రకాలుగా చెబితే, ఎవరి మాట నమ్మాలో తేల్చేది వైద్యం చదవని పన్నెండు మంది. అమెరికాలో హత్య కేసుల విచారణ పద్ధతి ఇదే. 2021లో మినియాపొలిస్‌లో పోలీసు అధికారి డెరెక్ షావిన్ మీద నడిచిన కేసులో జరిగిందీ ఇదే.

2020 మే 25న షావిన్ 9 నిమిషాల 29 సెకన్ల పాటు జార్జ్ ఫ్లాయిడ్ అనే వ్యక్తిని మోకాలితో నేలకు అదిమిపెట్టడం వీడియోలో అందరూ చూశారు. ప్రాణం పోయింది దాని వల్లేనా అన్న దగ్గరే డాక్టర్లు విడిపోయారు. ఫ్లాయిడ్‌కు గుండెజబ్బు ఉంది, రక్తంలో ఫెంటానిల్ అనే మత్తుమందు దొరికింది. డిఫెన్స్ తరఫు నిపుణుడు డేవిడ్ ఫౌలర్ ఈ రెండింటికీ పోలీసు కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను జతచేసి, గుండె లయ తప్పిందన్నారు.

ప్రాసిక్యూషన్ తరఫున వచ్చిన ఊపిరితిత్తుల డాక్టర్ మార్టిన్ టోబిన్, జ్యూరర్లను తమ మెడలు తడిమి చూసుకోమన్నారు. (అలా చేయనక్కర్లేదని జడ్జి చెప్పాల్సి వచ్చింది.) వీడియోలో ఫ్లాయిడ్ ఊపిరి లెక్కపెట్టి, స్పృహ తప్పే ముందు నిమిషానికి 22 సార్లు తీశాడని చూపారు. ఫెంటానిలే కారణమైతే ఊపిరి మందగించాలి, మందగించలేదు. రక్తంలో ఆక్సిజన్ 98 శాతం ఉందన్న ఆస్పత్రి పరీక్షతో కార్బన్ మోనాక్సైడ్ వాదననూ కొట్టిపారేశారు.

జ్యూరీ ముందు డిగ్రీల కన్నా ఇలాంటి సాక్ష్యానికే బలమెక్కువ: విన్నవాడు తన కంటితో సరిచూసుకోవచ్చు. సరిచూసుకోలేని అంకె ఎంత చేటో ఇంగ్లండ్‌లో 1999 నాటి శాలీ క్లార్క్ కేసు చూపింది. ఒకే ఇంట్లో ఇద్దరు పసివాళ్లు ఉన్నట్టుండి సహజంగా చనిపోయే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటని పిల్లల డాక్టర్ రాయ్ మెడో చెప్పారు. లెక్కే తప్పు. తల్లి శాలీకి హంతకురాలన్న ముద్ర పడింది; 2003లో గానీ అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేయలేదు.

ఒక సంగతి మాత్రం జ్యూరీ పని తేలిక చేస్తుంది. డాక్టర్ల తగవు మొత్తం తీర్చే బాధ్యత దానికి లేదు. షావిన్ కేసులో ప్రాసిక్యూషన్ డాక్టర్ల మాటలకే పూర్తిగా పొంతన కుదరలేదు: పోస్ట్‌మార్టం చేసిన ఆండ్రూ బేకర్, ఊపిరాడక చనిపోయాడన్న మాట వాడలేదు, గుండెజబ్బునూ ఫెంటానిల్‌నూ తోడైన అంశాలుగా రాశారు. అయినా చట్టం అడిగేది ఒక్కటే: నిందితుడి చర్య చావుకు గణనీయమైన కారణమా, కాదా? అదొక్కటే కారణం కానక్కర్లేదు. జబ్బు మనిషిని గాయపరచి చావును త్వరపెట్టినా చంపినట్టేనని మన భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ వివరణా చెబుతుంది. కాకపోతే ఇక్కడ జ్యూరీ లేదు, ఆ బేరీజు జడ్జిదే.

షావిన్ జ్యూరీ దాదాపు పది గంటలు చర్చించి, 2021 ఏప్రిల్ 20న మూడు అభియోగాల్లోనూ అతన్ని దోషిగా తేల్చింది.