కోట్ల డిగ్రీలు సరే, ఆకృతి మాటేమిటి?

కేంద్రక సంలీనంపై పత్రికల్లో వచ్చే వ్యాసాలు మీరు చదివే ఉంటారు. ‘కృత్రిమ సూర్యుడు’, ఇన్ని కోట్ల డిగ్రీలు అంటూ సాగుతాయి. ఆ వేడిని పట్టి ఉంచే అయస్కాంత క్షేత్రం ఆకృతిని మాత్రం చాలావరకు వదిలేస్తాయి. ఇది చిన్న లోపం కాదు.

టోకమాక్‌లో క్షేత్రాన్ని మెలితిప్పేది ప్లాస్మాలో పారే విద్యుత్తు. అది అదుపు తప్పితే ప్లాస్మా చెదిరిపోతుంది. 1951లో లైమన్ స్పిట్జర్ రూపొందించిన స్టెల్లరేటర్‌లో ఆ మెలికను బయటి తీగచుట్టలే ఇవ్వగలవు. అయితే అక్షీయ సౌష్ఠవం లేనందున కణాలు పక్కకు జారిపోతాయి. క్షేత్రాన్ని లెక్కకట్టి మలచడమే దీనికి విరుగుడు. 2015లో జర్మనీలో మొదలైన వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌కు 50 వంకర చుట్టలను అలాగే తీర్చారు. ఆ మలుపు ఫలించిందని 2021లో ప్రచురితమైన ఫలితాలు చూపాయి.

మనది టోకమాక్ దారి. గాంధీనగర్‌లో 1989లో ‘ఆదిత్య’ పనిచేయడం మొదలైంది. ఆ కృషికి సారథి పి.కె. కావ్ 1966లో ఢిల్లీ ఐఐటీలో డాక్టరేటు పొందినవారు. క్షేత్రాన్ని మలచడం మొదట గణిత సమస్య. దానికి భారీ యంత్రం అక్కర్లేదు, సమీకరణాలూ కంప్యూటరూ ఉంటే మొదలుపెట్టవచ్చు. ఈ సంగతి చెప్పని వ్యాసం నేటి ఢిల్లీ విద్యార్థికి తన వంతు పనిని కనిపించనివ్వదు.

ఈసారి ‘కోట్ల డిగ్రీలు’ అని చదివినప్పుడు, ‘ఎంతసేపు నిలిచింది? ఏ ఆకృతి నిలిపింది?’ అని అడగండి.