యు/ఎ అంటే పక్కన ఎవరుండాలి?

యూసుఫ్‌గూడ పోలీసు మైదానంలో 2024 డిసెంబరు 2న ‘పుష్ప 2’ వేడుక జరిగింది. మూడేళ్ల ముందు మొదటి భాగం వేడుకా అక్కడే. అదే యూసుఫ్‌గూడలోని ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు 2025 ఫిబ్రవరిలో తెలంగాణ విద్యా కమిషన్ ముందు తన గోడు చెప్పుకున్నారు. ఆ సినిమా వల్ల తన బడిలో సగం మంది పిల్లలు చెడిపోయారని, జుట్టు తీరు, మాట తీరు మారిపోయాయని, కొంచెమైనా బాధ్యత లేకుండా ఇలాంటి సినిమాలకు సర్టిఫికెట్ ఎలా ఇస్తారని ఆమె అడిగారు. ఆ వీడియో ఫోన్ల మీదుగా మా ఏజెన్సీ ఊళ్లదాకా వచ్చింది.

కొందరు నవ్వారు. కొందరు ఎప్పుడూ అనే మాటే అన్నారు: సినిమా చూసి చెడిపోతే, సినిమా చూసి బాగుపడినవాళ్లు ఏరి? ఈ మాటకు మేం తలూపలేం. 2023లో ‘బలగం’ సినిమాను తెలంగాణ పల్లెల్లో తెర కట్టి వేశారు. ఊరంతా కింద కూర్చుని చూసి కళ్లు తుడుచుకుంది. పెద్దవాళ్లనే అంతగా కదిలించేది పదమూడేళ్ల పిల్లవాడిని ముట్టకుండా పోతుందా? కాకపోతే జుట్టు గురించి మాత్రం మేం ఆ టీచరమ్మతో పూర్తిగా ఏకీభవించం. చిరంజీవిని చూసి మెడమీదికి జుట్టు పెంచి, అయ్యతో తన్నులు తిన్నవాళ్లు మాలోనూ ఉన్నారు. జుట్టు కత్తిరిస్తే పోతుంది. పోనిది ఏమిటన్నదే అసలు సంగతి.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చూద్దాం. మన దేశంలో సినిమాలకు అనుమతి ఇచ్చేది 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద. మొదట్లో రెండే గుర్తులు: అందరూ చూడదగ్గదానికి ‘యు’, పెద్దలకు మాత్రమే అయితే ‘ఎ’. 1983లో మధ్యన ‘యు/ఎ’ వచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల మార్గదర్శకత్వంలో చూడాలని దాని అర్థం. 2023 సవరణతో దాన్ని మళ్లీ మూడు ముక్కలు చేశారు: ఏడేళ్లు దాటినవాళ్లకు, పదమూడు దాటినవాళ్లకు, పదహారు దాటినవాళ్లకు. ఇంట్లో చూసే ఓటీటీలకు ఇలాంటి వయసు మెట్లు 2021 నిబంధనల్లోనే వచ్చాయి. వినడానికి బాగానే ఉంది. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. హాలు గేటు దగ్గర పిల్లల్ని ఆపగలిగే అక్షరం ‘ఎ’ ఒక్కటే. ‘యు/ఎ’ ఎవర్నీ ఆపదు. అది తల్లిదండ్రులకు చెప్పే మాట మాత్రమే: నువ్వు చూసుకో అని.

ఏ తల్లిదండ్రులకు? మా పిల్లలు మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకు వస్తారు. దసరాకి, సంక్రాంతికి, వేసవికి ఇంటికి వెళతారు. మిగతా రోజులన్నీ హాస్టల్లోనే. అమ్మానాన్నలు పోడు చేలో ఉంటారు, మిర్చి కోతకు పోతారు, ఇప్పపువ్వు ఏరుకుంటారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో మాట కోయ, గోండి, కొలామి, లంబాడీ. తెర మీద కొద్ది క్షణాలు మెరిసి పోయే ఆ కాగితాన్ని చదివేదెవరు? ఆదివారం హాస్టల్ టీవీ ముందు నూట యాభై మంది కూర్చుంటే పక్కన ఉండేది వార్డెను, వంట అక్క. దాచిన ఫోనులో దుప్పటి కింద చూస్తే పక్కన ఎవరూ ఉండరు. ఈ చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఒక ఇల్లు, ఒక సోఫా, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్నట్టున్నారు. మా పిల్లల విషయంలో ‘యు/ఎ’ అంటే పక్కన ఉండాల్సింది ఉపాధ్యాయుడే. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాం.

ఇక సినిమా. ‘పుష్ప’ను మేం తేలిగ్గా తిట్టలేం. మా పిల్లలు దాన్ని ఎందుకంత ప్రేమించారో మాకు తెలుసు. మొదటి భాగంలో కథానాయకుడు కూలీ. యజమాని వచ్చినా కాలు మీద కాలు దించడు. ఇంటిపేరు లేదని నలుగురిలో అవమానపడతాడు, తల్లి అవమానపడుతుంది. ఆ గాయమే రెండు భాగాల కథనూ నడిపిస్తుంది. బడిలో చేరిన మొదటి రోజు ఇంటిపేరు చదివి పక్క పిల్లలు నవ్వితే ఎట్లా ఉంటుందో ఆశ్రమ పాఠశాలలో చదివిన ఎవరినైనా అడగండి. ఆ కుర్రాడు గడ్డం కింద చెయ్యి రుద్దుకుని ఒక భుజం పైకెత్తి నడుస్తున్నాడంటే ఊరికే నడవడం లేదు. తలవంచని కూలీని తెలుగు తెర మీద వాడు ఎన్నిసార్లు చూశాడని? అల్లు అర్జున్‌కు ఈ పాత్ర జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చిపెట్టింది. నటన గురించి మాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ కూలీ లేచాక మిగతా కూలీలు ఏమయ్యారు అన్న దగ్గర. కథ శేషాచలం అడవుల ఎర్రచందనం చుట్టూ తిరుగుతుంది. ఆ అడవిలో నిజంగా జరిగిందొకటి ఉంది. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి చెట్లు నరకడానికి వచ్చిన కూలీలని చెప్పారు. వాళ్లలో జవ్వాది కొండల మలయాళి తెగవాళ్లు, మనలాంటి ఆదివాసులు ఉన్నారు. చందనం అమ్ముకున్నవాడి ఇల్లు ఎక్కడుందో ఆ రోజు ఎవరూ వెతకలేదు. ‘పుష్ప 2’లో కూలీలను పోలీసులు పట్టుకుంటే కథానాయకుడు స్టేషన్‌కు వచ్చి, సిబ్బంది మొత్తానికి డబ్బు పంచి ఉద్యోగాలు మానిపించి, తనవాళ్లను విడిపించుకుపోతాడు. హాల్లో ఈలలు. మేమూ నవ్వాం, దాచుకోవడం ఎందుకు. ఇంటికి వచ్చాక ఆ ఇరవై మంది గుర్తొచ్చారు.

సెన్సారు వాళ్లు ఈ సినిమాలో కొన్ని బూతుమాటలు తీయించారు, తెగిన అవయవాలు కనిపించే చోట్ల కత్తెర వేయించారు. వాళ్లు లెక్కపెట్టేది అవే: రక్తం ఎంత, బూతు ఎంత, ఒంటిమీద గుడ్డ ఎంత. అవీ చూడాల్సినవే. కానీ అడవిని అమ్ముకునేవాడు వీరుడు, నరికి చచ్చేవాడు గుంపులో ఒకడు అన్న పాఠాన్ని కొలిచే గుర్తు వాళ్ల దగ్గర లేదు. మొదటి భాగంలో అమ్మాయి తనను చూసి నవ్వడానికి డబ్బు ఇప్పించే ఘట్టం ఉంది. దాన్ని ప్రేమ కథగా, నవ్వులాటగా నడిపారు. వ్యానులో ఆమెను తాకే ఒక దృశ్యాన్ని అయితే, విడుదలయ్యాక జనం అభ్యంతరం చెబితేనే నిర్మాతలు తీసేశారు. సర్టిఫికెట్ దాటి వచ్చినదే అది. అంటే మనం కళ్లు మూసుకుని ఆ అక్షరం మీద భారం వేయలేం.

ఇదే తక్కెడ రెండో వైపు ఎలా తూగిందో చూడండి. ‘జై భీమ్’కు ‘ఎ’ ఇచ్చారు. 2021లో ఓటీటీలో వచ్చిన ఈ తమిళ సినిమాను తెలుగులోనూ చూశాం. ఇరుళ తెగ మనిషిని దొంగతనం కేసులో పెట్టి లాకప్పులో చంపితే, గర్భవతి అయిన భార్య న్యాయం కోసం నిలబడిన కథ. కొట్టే దృశ్యాలు భరించడం కష్టం, ‘ఎ’ ఎందుకిచ్చారో అర్థమవుతుంది. పదేళ్ల పిల్లలకు మేమూ చూపించం. కానీ పదహారేళ్ల గురుకులం పిల్లకు అది చూడకూడని సినిమానా? చివర్లో ఒక చిన్నపిల్ల లాయరుగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపరు విప్పుకుంటుంది. కాలు మీద కాలు వేసుకుంటుంది. ఇక్కడా కాలు మీద కాలే. ఒకటి పిల్లలకు తేలిగ్గా అందింది, రెండోది పెద్దల పెట్టెలో ఉండిపోయింది.

మన గురించి తెలుగు సినిమా తీసే సినిమాల సంగతి వేరే రాయాలి. యూసుఫ్‌గూడ పక్కనే కృష్ణానగర్. పొద్దున్నే పిలుపు కోసం జూనియర్ ఆర్టిస్టులు రోడ్డు మీద నిలబడతారు. తలకు ఈకలు, నడుముకు ఆకులు కట్టి గూడెం పాటలో గెంతమంటే పాపం వాళ్లు గెంతుతారు. కూటి కోసం. ఆ పాటలకు ఏ సెన్సారూ అడ్డం పడదు. ‘ఆర్ఆర్ఆర్’లో కొమురం భీమ్‌ను చూసి మా పిల్లలు పొంగిపోయారు, మేమూ. తీరా చివర్లో ఏం కావాలని అడిగితే చదువు కావాలంటాడు, అదీ నేర్పేవాడు బయటివాడు. జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన మనిషి అడవి మీద, నేల మీద హక్కు అడిగాడని మా ఎనిమిదో తరగతి పిల్లలకు మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇలాంటి గాయానికి వయసు గుర్తు ఏం పెడతారు?

పిల్లల్ని సినిమాకు తీసుకుపోవడంలో ఇంకో ప్రమాదం ఉంది, అది తెర మీదది కాదు. 2024 డిసెంబరు 4 రాత్రి, ‘పుష్ప 2’ ముందస్తు ఆట దగ్గర, హైదరాబాద్ సంధ్య థియేటరులో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె చిన్న కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ బిడ్డ ఇష్టపడ్డ సినిమాకే తీసుకెళ్లారు. ఆ తర్వాత జనవరిలో హైకోర్టు పదహారేళ్లలోపు పిల్లల్ని ఉదయం 11కి ముందు, రాత్రి 11 తర్వాత ఆటలకు రానివ్వద్దంది. మార్చిలో ఆ ఆంక్ష సడలిపోయింది. ఎవరు సడలించినా మనం సడలించనక్కర్లేదు. మొదటి రోజు, అర్ధరాత్రి, గుంపులోకి పిల్లలు వద్దు. పది రోజులాగితే సినిమా ఎక్కడికీ పోదు.

మొన్న సంత రోజున ఒక కోయ తండ్రి హాస్టల్‌కు వచ్చాడు. చేతిలో కొడుక్కి తెచ్చిన మురుకుల పొట్లం. “సారూ, మావోడు సెలవులకి సినిమాకు పోతనంటుండు. పంపొచ్చునా? మీరు చూసిండ్రా?” అని అడిగాడు. మాలో ఒకాయన చూడలేదు. చూడలేదనే చెప్పాడు. అంతకంటే మంచి ప్రశ్న ఏ నిబంధనలోనూ లేదు. చూసినవాళ్లను అడగడం. పల్లెలో అది మనకు కొత్త కాదు. పిల్లనిచ్చే ముందు ఆ ఊరికి పోయి వచ్చినవాణ్ని అడగమా?

చూసినవాణ్ని ఏమని అడగాలి? బాగుందా అని కాదు. తప్పు చేసినవాడికి చివరికి ఏమైంది? అమ్మాయి వద్దన్నప్పుడు అబ్బాయి ఆగాడా, వెంటపడ్డాడా, వెంటపడితే సినిమా వాణ్ని మెచ్చుకుందా? తాగినవాడు నవ్వించాడా, ఏడిపించాడా? మనలాంటి వాళ్లు ఉన్నారా, ఉంటే పేరుతో ఉన్నారా? చదువురాని తల్లి కూడా అడగగలిగినవే ఇవి. పదేళ్లలోపు వాళ్లకైతే భయమే పెద్ద లెక్క. రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఆ సినిమా వాడికి కాదన్నట్టే, అక్షరం ఏదైనా సరే. పన్నెండు, పదమూడు దాటాక భయం కంటే అనుకరణ పెద్దది. వాడు ఎవరిలా ఉండాలనుకుంటున్నాడో వెతుక్కునే వయసది. పదహారుకు వచ్చేసరికి వద్దనడం పనిచేయదు, ఫోను ఉంది. కలిసి చూడటమే మిగిలిన దారి. 2025లో వచ్చిన ‘కోర్టు’ సినిమాను మేం ఇంటర్ పిల్లలతో అలాగే కలిసి చూశాం. మైనరు అమ్మాయితో ప్రేమ, పోక్సో కేసు, జైలుపాలైన పేద కుర్రాడు. అయిపోయాక గంటన్నర కొట్లాడుకున్నారు. అమ్మాయిల మాట ఒకటి, అబ్బాయిల మాట ఒకటి. మేం మధ్యలో చాయ్ తాగుతూ కూర్చున్నాం. అంత మంచి పాఠం మేం ఏ సంవత్సరమూ చెప్పలేదు.

చిన్నవాళ్ల కోసం తీసేవి మాత్రం తక్కువ. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే జరిగింది, బంగారు ఏనుగు బొమ్మ ఇచ్చేవారు. ఆ ఊళ్లోనే ఇంత పెద్ద పరిశ్రమ ఉండి పిల్లల సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. ‘35 చిన్న కథ కాదు’ లాంటిది ఏడాదికొకటి వచ్చినా చాలు, లెక్కలంటే వణికే మా పిల్లలకు ధైర్యం.

‘పుష్ప 2’ను మా హాస్టల్లో ఆపలేకపోయాం. టీవీలో రాకముందే సగం మంది ఫోన్లలో చూసేశారు. అందుకని ఒక ఆదివారం కూర్చోబెట్టి కూలీలు కనిపించే చోట్ల ఆపి ఆపి చూశాం. పిల్లలు మొదట విసుక్కున్నారు, కొట్లాట తొందరగా పెట్టమన్నారు. దుంగలు మోసేవాళ్లను లెక్కపెట్టమన్నాం. లెక్క తప్పింది, మళ్లీ మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతి అమ్మాయి, ఎప్పుడూ వెనక కూర్చునేది, చెయ్యెత్తింది.

“సార్, వీళ్లల్ల ఒక్కడికి కూడా పేరు పెట్టలేదు కదా. చచ్చినోళ్లకి పేర్లున్నయా?”

శేషాచలం వాళ్ల గురించి ఆమెకు అంతకు ముందు వారమే చెప్పి ఉన్నాం. ఉన్నాయన్నాం. అయితే రాసియ్యమని నోటుబుక్కు చాపింది.