ఊఁకొట్టే మనిషి: ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవలికలో వలసకూలీల స్నేహం, ఒంటరితనం

వ్యాససంగ్రహం

అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1937లో వెలువరించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవలికను భగ్నస్వప్నగాథగా బోధించడం తరగతి గదుల్లో స్థిరపడిన పద్ధతి. పాత్రలు వేసుకొనే డబ్బు లెక్కలను, వారి సంభాషణల తీరును దగ్గరగా పరిశీలిస్తే, ఆ స్వప్నం ఆగిపోయింది డబ్బు చాలక కాదని, వినే మనిషి పోవడం వల్లనేనని తెలుస్తుంది. తెలుగు మౌఖిక కథన సంప్రదాయంలోని ‘ఊఁకొట్టడం’ అనే వ్యవహారాన్ని విమర్శ పరికరంగా గ్రహించి, ఈ నవలికలో స్నేహానికి, ఒంటరితనానికి గల సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్టైన్‌బెక్, నవలిక, వలసకూలీలు, స్నేహం, ఒంటరితనం, శ్రోత, ఊఁకొట్టడం.

1. ప్రవేశిక

కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయ స్టైన్‌బెక్ పుట్టిపెరిగిన ప్రాంతం. యౌవనంలో ఆయన అక్కడి స్ప్రెకెల్స్ చక్కెర కంపెనీ క్షేత్రాల్లో పనిచేశాడు. భుజాన దుప్పటి మూట వేసుకొని ఒక క్షేత్రం నుంచి మరొక క్షేత్రానికి తిరిగే ఒంటరి మగకూలీలను ఆయన ఎరిగింది ఆ పనిలోనే. 1936లో ఒక శాన్‌ఫ్రాన్సిస్కో దినపత్రికకు వలసకూలీల దుస్థితిపై వ్యాసాలు రాశాడు. 1939లో ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ వెలువడింది. ఆ రెండింటిలోనూ ఉన్నవి కరవుకు, అప్పులకు తట్టుకోలేక సంసారాలతో సహా పడమటికి తరలివచ్చిన కుటుంబాలు. ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’లోని కూలీలకు సంసారాలు లేవు. ఈ తేడాను గమనించకుండా మూడు రచనలనూ ఒకే గాటన కట్టే పరిచయ వ్యాసాలు నవలికలోని అసలు సమస్యను దాటిపోతాయి.

నవలికకు రచయిత మొదట అనుకొన్న పేరుకు ‘జరిగినదొకటి’ అని అర్థం. తరువాత పెట్టిన పేరు స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన కవిత నుంచి వచ్చింది. నాగటి చాలులో గూడు చెదిరిన ఎలుకను ఉద్దేశించిన కవిత అది. ఈ పేరు పాఠకుణ్ణి విధివాదం వైపు నడిపిస్తుంది. ఎలుకకైనా మనిషికైనా పథకాలు చెదరడం సహజమే అనిపిస్తుంది. మొదటి పేరులో అటువంటి ఓదార్పు లేదు. ఈ వ్యాసం ఆ మొదటి పేరు చూపిన దారిలో నడుస్తుంది.

2. పనిచీటీ, జీతం, అనుమానం

కథాకాలం గురువారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం వరకు. జార్జ్ మిల్టన్, లెన్నీ స్మాల్ అనే ఇద్దరు కూలీలు ఉత్తరాన ఉన్న వీడ్ పట్టణం నుంచి పారిపోయి సోలెడాడ్ సమీపంలోని క్షేత్రంలో బార్లీ బస్తాలు మోసే పనికి వస్తారు. సోలెడాడ్ అనే స్పానిష్ మాటకు ఏకాంతమని అర్థం. లెన్నీ బలశాలి, బుద్ధి మాత్రం పసివాడిది. జార్జ్ అతణ్ణి కనిపెట్టుకొని తిరుగుతాడు.

కొత్తగా వచ్చినవాళ్ల పనిచీటీలు చూసిన యజమాని జార్జ్‌ను అడిగే ప్రశ్న గమనార్హం. లెన్నీ జీతం నువ్వు కాజేస్తున్నావా అని అతని అనుమానం. ఒక కూలీ మరొక కూలీ కోసం మాట్లాడడం అతను ఎన్నడూ చూడలేదు. చూసినప్పుడు దానికి లాభం తప్ప మరొక కారణం తోచలేదు. యజమాని కొడుకు కర్లీకి అదే సహవాసంలో ఏదో కుచ్చితం కనిపిస్తుంది. బండ్లు తోలే స్లిమ్ ఒక్కడే ఆశ్చర్యపోతాడు. ఇద్దరు కలిసి తిరగడం అరుదని నెమ్మదిగా అంటాడు. యజమాని ప్రశ్నలో ఉన్నది సొమ్ము, కర్లీ ఎత్తిపొడుపులో ఉన్నది వెకిలితనం, స్లిమ్ మాటలో ఉన్నది ఆశ్చర్యం. ఈ లోకంలో స్నేహం సంజాయిషీ ఇచ్చుకోవలసిన విషయమని మూడింటి వల్లా తేలుతుంది. ఒంటరితనానికి ఆ అవసరం లేదు. కూలీల బసలో అదే మామూలు స్థితి. జార్జ్ అక్కడ తీరిక దొరికినప్పుడల్లా పేకముక్కలు పరచి ఒంటరిగా ఆడుకొనే ఆట ఆడుతుంటాడు. రచయిత దానిపై ఏ వ్యాఖ్యా చేయడు.

తెలుగు పాఠకులకు ఇక్కడ పాలమూరు లేబర్ గుర్తుకు రావడం సహజమే గాని పోలిక జాగ్రత్తగా చేయవలసి ఉంది. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ఊరివాళ్లతో, తరచు భార్యాబిడ్డలతో కలిసి వెళ్లారు. వారిని బంధించింది అప్పు. స్టైన్‌బెక్ కూలీని ఏ అప్పూ పట్టి ఉంచదు; నెల తిరగ్గానే జీతం పుచ్చుకొని వెళ్లిపోగలడు. ఎక్కడికి వెళ్లినా తన కోసం కనిపెట్టుకొన్నవారు ఉండకపోవడమే అతని కష్టం. గల్ఫ్ శిబిరాల్లోని మగవాళ్ల గదులు ఈ బసకు కొంత దగ్గర.

3. ఊఁకొట్టడం

తెలుగునాట కథ చెప్పేవారు వినేవారిని ‘ఊఁ’ కొట్టమంటారు. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. ఊఁకొట్టే మనిషికి కథ తెలియకపోవాలన్న నియమం లేదు. నిన్న విన్న కథకే ఇవాళా ఊఁకొడతాడు. బుర్రకథలో ఈ పని మరికాస్త పెరిగి వంత అవుతుంది. వంతలు కథకుని మాటను అందుకొంటారు, ఎగదోస్తారు, అడ్డు తగులుతారు. జార్జ్, లెన్నీల మధ్య జరిగేది దాదాపు ఇదే.

మొదటి అధ్యాయంలో ఏటి ఒడ్డున లెన్నీ పట్టుబట్టి అడిగితే జార్జ్ తమ భవిష్యత్తు కథ చెబుతాడు: ఇల్లు, కొంచెం నేల, కోళ్లు, కుందేళ్లు, వాటికి లూసర్న్ గడ్డి. జార్జ్ మొదట విసుక్కొంటాడు, తరువాత అలవాటైన లయలో పడతాడు. లెన్నీకి ఆ కథ కంఠస్థం. మధ్యలో అందుకొంటాడు, తనకిష్టమైన వాక్యం తానే పూర్తి చేస్తాడు, కుందేళ్ల దగ్గరికి తొందరగా రమ్మంటాడు. చెప్పింది చెప్పినట్టు మరచిపోయే లెన్నీ ఈ ఒక్క కథను మరచిపోడు. ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు గనుకనే కథ మళ్లీ మళ్లీ చెప్పబడుతుంది. చెప్పినకొద్దీ అది చెప్పేవాడి మనసులో గట్టిపడుతుంది.

వినడంలో గల ఈ శక్తిని నవలికలో మాటలలో పెట్టేవాడు క్రూక్స్. నల్లజాతివాడైనందువల్ల బసలోకి ప్రవేశం లేక గుర్రపు జీనులుండే గదిలో విడిగా బతుకుతున్న మనిషి. అతని దగ్గర నిఘంటువు, 1905 నాటి కాలిఫోర్నియా పౌరస్మృతి ప్రతి ఉంటాయి. మాట్లాడే మనిషి ఉండడు. ఎదుటివాడికి అర్థమైందా లేదా అన్నది ముఖ్యం కాదని, పక్కన ఒక మనిషి ఉండి మాట సాగడమే ముఖ్యమని అతను లెన్నీతోనే అంటాడు. లెన్నీకి ఆ మాట కూడా అర్థం కాదు. క్రూక్స్ ఆగడు.

ఈ స్నేహంలో ఒక అసమానత ఉంది; దాన్ని కప్పిపుచ్చడం విమర్శకు తగదు. ఒకప్పుడు తాను వినోదం కోసం లెన్నీని నదిలో దూకమన్నానని, ఈత రాని అతను దూకి మునిగిపోబోయాడని, బయటికి లాగినందుకు తనకే కృతజ్ఞత చూపాడని జార్జ్ స్లిమ్‌తో ఒప్పుకొంటాడు. ఆ నాటితో ఆ ఆటలు మానేశాడు. లెన్నీ ఎదురుచెప్పలేడు, తీర్పు చెప్పలేడు. అందువల్లనే అతని దగ్గర అందరికీ మాట పెగులుతుంది. జార్జ్‌కు తన తప్పు చెప్పుకోవడానికి స్లిమ్ కావాలి. కల చెప్పుకోవడానికి లెన్నీ కావాలి. రెండు అవసరాలనూ తీర్చే ఒక్క మనిషి నవలికలో లేడు. స్టైన్‌బెక్ స్నేహాన్ని కీర్తించాడనే అభిప్రాయం ఇక్కడ కొంత సవరణ కోరుతుంది.

4. నాలుగువందల యాభై డాలర్లు

మూడవ అధ్యాయంలో కథ లెక్కగా మారుతుంది. జార్జ్ ఎరిగిన పదెకరాల స్థలం ధర 600 డాలర్లు. అంత తక్కువకు రావడానికి కారణం, అమ్మే ముసలి దంపతుల చేతిలో చిల్లిగవ్వ లేదు, ముసలామెకు శస్త్రచికిత్స జరగాలి. వీరి ఆశకు వెల కట్టింది మరొకరి ఆపదే. రచయిత ఈ సంగతిని ఒక్క మాటలో చెప్పి దాటిపోతాడు.

బస ఊడ్చే ముసలి కాండీ పక్కనుంచి ఈ మాటలు వింటాడు. చెయ్యి పోయినందుకు అతనికి 250 డాలర్ల పరిహారం వచ్చింది. కూడబెట్టినదానితో కలిపి బ్యాంకులో 300 ఉన్నాయి, నెలాఖరుకు మరో 50 వస్తాయి. జార్జ్, లెన్నీల జీతాలు కలిపితే 100. మొత్తం 450. దీనితో స్థలం చేజిక్కించుకోవచ్చని, మిగతాది తాను పనిచేసి తీర్చవచ్చని జార్జ్ లెక్క. ఇంతకాలం చెప్పుకొన్న కథ నిజం కావచ్చునని ముగ్గురూ నిర్ఘాంతపోతారు.

అయిదవ అధ్యాయంలో కర్లీ భార్య శవం పక్కన నిలబడి కాండీ అడిగే ప్రశ్న ఇందుకే కీలకం. మనమిద్దరమైనా ఆ స్థలం తీసుకోవచ్చు కదా అంటాడు. అప్పటికి లెక్కలో తగ్గింది లెన్నీ 50 డాలర్లు మాత్రమే. 450తో సాధ్యమనుకొన్నది 400తో అసాధ్యం కాదు. జార్జ్ మళ్లీ లెక్క వేయడు. నెల జీతం తీసుకొని పట్నంలోని వేశ్యాగృహంలోనో బిలియర్డ్స్ గదిలోనో రాత్రి గడుపుతానని అంటాడు. మొదటి అధ్యాయంలో అతను తమకు భిన్నంగా వర్ణించిన ఒంటరి కూలీల బతుకు అదే. ఇది జరగదని మొదటి నుంచీ తనకు తెలుసనీ, లెన్నీ అంత ఇష్టంగా వినడం వల్ల తానూ నమ్మసాగాననీ చెబుతాడు. పెట్టుబడి పెట్టగల భాగస్వామి ఎదుటనే ఉన్నాడు. ఊఁకొట్టే మనిషి లేడు. భగ్నస్వప్నమన్న పాఠం ఈ సన్నివేశానికి సరైన సమాధానం చెప్పలేదు.

5. విన్నవాడు ఒక్కడే

లెన్నీకి తమ కథలు చెప్పుకొన్నవారిలో కర్లీ భార్య ఒకతె. ఆదివారం మధ్యాహ్నం తక్కిన కూలీలు బయట గుర్రపు నాడాల ఆటలో ఉండగా, చచ్చిన కుక్కపిల్లను దాచే ప్రయత్నంలో ఉన్న లెన్నీ దగ్గరికి ఆమె వస్తుంది. ఎవరైనా వచ్చి తన మాట తెంచుతారేమోనన్నంత తొందరగా తన గతం చెప్పుకొంటుంది: సినిమాల్లో వేషమిప్పిస్తానన్న మనిషి, రాని ఉత్తరం, దాన్ని తల్లే దాచిందన్న అనుమానం, కోపంలో చేసుకొన్న పెళ్లి. లెన్నీ బదులు పలికేదల్లా కుందేళ్ల గురించే. అయినా ఆమె చెబుతూనే ఉంటుంది. కొద్ది నిమిషాల తరువాత అతని చేతుల్లోనే చనిపోతుంది.

ఈ స్త్రీకి నవలికలో పేరు లేదు. అంతకుముందు అధ్యాయాల్లో ఆమె కూలీల కళ్లకు కనిపించినట్టే కనిపిస్తుంది, అంటే ఒక ప్రమాదంగా. రచయిత ఆమెకు ఇచ్చిన న్యాయం ఆ నాలుగు పుటలే; అదీ ఆలస్యంగా. రంగస్థలంపై ఆ పాత్ర ధరించిన నటి క్లేర్ లూస్‌కు ఆమె స్వభావాన్ని వివరిస్తూ స్టైన్‌బెక్ లేఖ రాయవలసి రావడం ఈ లోపానికి పరోక్ష సాక్ష్యం.

క్రూక్స్ విషయం ఇంతకన్నా కఠినం. శనివారం రాత్రి కాండీ నోట డబ్బు లెక్క విని, జీతం లేకుండా పనిచేస్తాను నన్నూ రానివ్వండని అతను అడుగుతాడు. అదే రాత్రి కర్లీ భార్య అతణ్ణి చెట్టుకు వేలాడదీయించగలనని బెదిరిస్తుంది. వంట్లోంచి మనిషి వెళ్లిపోయినట్టు క్రూక్స్ ముడుచుకుపోతాడు. తన మాట వెనక్కి తీసుకొంటాడు. 1936లోనే ‘ఇన్ డూబియస్ బ్యాటిల్’లో సమ్మెను చిత్రించిన రచయిత ఇక్కడ కూలీల సంఘాన్ని ప్రస్తావించనే లేదు. ఉన్న ఒక్క సంఘం ఈ గదిలో ఏర్పడి ఈ గదిలోనే చెదిరింది. చెదరగొట్టిన మనిషి వారందరిలాగే మాట్లాడే తోడు కోసం వచ్చినదే.

6. చివరి కథ

కాండీ ముసలి కుక్కను కార్ల్‌సన్ తన పిస్తోలుతో కాల్చడం, దాన్ని తానే కాల్చి ఉండవలసిందని కాండీ బాధపడడం, ముగింపులో అదే పిస్తోలు జార్జ్ చేతికి రావడం, ఈ అమరిక మరీ చక్కగా కుదిరింది. నాటకంగా ఆడడానికి వీలైన నవలిక రాయాలన్న రచయిత సంకల్పం ఇక్కడ బయటపడుతుంది. 1937 నవంబరులోనే ఇది న్యూయార్కు వేదిక ఎక్కింది.

ముగింపు బలం ఆ అమరికలో లేదు. ఏటి ఒడ్డున జార్జ్ చివరిసారిగా అదే కథ చెబుతాడు. లెన్నీ నీళ్ల అవతలికి చూస్తూ ఊఁకొడతాడు, తొందరపెడతాడు. ఈసారి కథ పూర్తి కావడానికి చెప్పేవాడే భయపడతాడు. మాటల మధ్య విరామాలు పెరుగుతాయి, చెయ్యి వణుకుతుంది. దయామరణమా హత్యా అని జరిగే చర్చలు ఈ విరామాలను పట్టించుకొన్నట్టు కనిపించవు. కర్లీ ముఠా చేతిలో చిత్రవధ కాకుండా లెన్నీని కాపాడినందువల్ల అది దయ కావచ్చు. అది జార్జ్ తన శ్రోతను తన చేతులతో పోగొట్టుకోవడం కూడా.

తుపాకి చప్పుడు విని తక్కినవాళ్లు పరుగెత్తి వస్తారు. ఏం జరిగిందో జార్జ్ చెప్పడు. కార్ల్‌సనే ఒక కథ అల్లుతాడు: లెన్నీ దగ్గర తన పిస్తోలు ఉందా, దాన్ని లాక్కొని అతణ్ణి కాల్చావా అని అడుగుతాడు. నవలిక పొడుగునా కథ చెబుతూ వచ్చిన జార్జ్ ఆ అబద్ధపు కథకు వినీ వినిపించనట్టు ఊఁకొడతాడు.